కెన్‌రోకుఎన్‌ను ఏ ఋతువులో చూడాలి? చూసినవారు రాయండి

హేమంతం
నవంబరు 1

జపాన్‌లోని కనజావా ఊళ్లో కెన్‌రోకుఎన్ అనే పాత తోట ఉంది. ప్రతి ఏడాదీ నవంబరు ఒకటిన అక్కడ, మంచు బరువుకు కొమ్మలు విరగకుండా చెట్లకు తాళ్లు కట్టడం మొదలవుతుంది. ఈ ఊరికి వచ్చి మూడేళ్లయినా ఆ మొదటి రోజు చూడటం ఇప్పటికి కుదిరింది. సెలవు పెట్టి వెళ్లాను. ఇంటికి రాగానే రాస్తున్నాను, ఆలస్యమైతే చిన్న చిన్న సంగతులు జారిపోతాయని.

పని కరసాకి పైన్‌తో మొదలవుతుంది. కసుమిగా చెరువు ఒడ్డున కొమ్మలను నీళ్ల మీదికి చాచుకుని ఉన్న పెద్ద చెట్టు అది. ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన ‘కాగా’ అనే సంస్థానపు 13వ ప్రభువు మయెదా నరియాసు, బివా సరస్సు తీరంలోని కరసాకి నుంచి విత్తనం తెప్పించి దీన్ని పెంచారు. చెట్టు నడుమ ఐదు పొడవాటి స్తంభాలు నిలబెడతారు. తోటమాలి స్తంభం కొసకు ఎక్కి, అక్కడ కట్టిన తాళ్లను ఒక్కొక్కటిగా కిందికి విసురుతాడు. తాడు గాలిలో విప్పుకుంటూ వచ్చి కొమ్మల పక్కన పడుతుంది. కింద ఉన్నవాళ్లు కొసను అందుకుని కొమ్మకు చుట్టి, ముడి వేసే ముందు తాడును అరచేత్తో నొక్కి చూస్తారు. మరీ బిగిస్తే కొమ్మ ఇప్పుడే పైకి లేస్తుంది, వదులుగా వదిలితే మంచు పడ్డ రోజున తాడు ఉన్నా లేనట్టే. ఒక పెద్దాయన ఒకే ముడిని మూడుసార్లు విప్పి కట్టారు. ఆ ఒక్క చెట్టుకే దాదాపు 800 తాళ్లు పడతాయి. మధ్యాహ్నానికి సగం చెట్టు కూడా పూర్తి కాలేదు.

ఎండ హాయిగా కాస్తోంది. మంచు జాడ లేదు. రాబోయే ఋతువు కోసం ఇంతమంది ఇంత ముందుగా సిద్ధమవడం చూస్తుంటే నాకు ఎందుకో కళ్లు చెమర్చాయి.

ఈ తోటను మీలో ఎవరెవరు ఏ కాలంలో చూశారు? ఏ కాలంలో రమ్మంటారు?

నిషికసాయి
నవంబరు 1

నేను రెండేళ్ల క్రితం ఏప్రిల్‌లో వెళ్లాను. టోక్యో నుంచి షింకాన్సెన్ బుల్లెట్ రైలులో రెండున్నర గంటల ప్రయాణం. సరిగ్గా చెర్రీ పూల వారం. ఆ రోజుల్లో ప్రవేశం ఉచితం కావడంతో ఊరు ఊరంతా అక్కడే ఉంది. రెండు కాళ్ల రాతి దీపస్తంభం దగ్గర ఫొటో కోసం అరగంట నిలబడ్డాను. మధ్యాహ్నం రెండుకు బయటపడ్డాను. జపాన్‌లోని మూడు గొప్ప తోటల్లో ఒకటి అంటారు కదా, నా మనసుకు మాత్రం ఏమీ తగల్లేదు.

తాళ్ల విషయంలో నాకొక అనుమానం ఉంది. టోక్యోలో మా ఇంటికి అంత దూరం కాని రికుగిఎన్ తోటలోనూ చలికాలంలో ఇలాగే కడతారు. టోక్యోలో మంచు పడేదే బహు తక్కువ. అంటే ఇది చూసేవారి కోసం చేసే అలంకారమే కదా?

తోటపని
నవంబరు 2

నిషికసాయి గారూ, టోక్యో సంగతి మీరన్నట్టే. అక్కడ అది చలికాలానికి పెట్టే తోరణం లాంటిది. కనజావాలో అలా కాదు. ఉద్యాన శాస్త్రం చదువుకున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీదుగా ప్రయాణిస్తుంది. అడుగున వెచ్చని ప్రవాహం ఉండటం వల్ల ఆ గాలి నిండా తేమ పట్టుకుంటుంది. తీరం దాటగానే పర్వతాలు అడ్డొస్తాయి, తేమంతా మంచుగా రాలిపోతుంది. కొండలకు అవతల ఉన్న టోక్యోకు మిగిలేది పొడిగాలి. కనజావాలో పడే మంచు పొడిపొడిగా ఎగిరిపోయే రకం కాదు, నీళ్లు పట్టిన దూదిలా బరువుగా ఉంటుంది. పైన్ ఆకులు సూదుల్లా గుబురుగా ఉంటాయి కాబట్టి అది వాటి మీద నిలిచిపోతుంది. వందేళ్లుగా తీర్చిదిద్దిన అడ్డకొమ్మ ఒక్క రాత్రిలో ఫెళ్లున విరుగుతుంది. 2018 ఫిబ్రవరిలో కనజావాలో మంచు మట్టం 80 సెంటీమీటర్లు దాటింది. అలాంటి రాత్రి వస్తుందో రాదో నవంబరులో ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి ఏడాదీ కడతారు.

స్తంభం కొస నుంచి గొడుగు ఊచల్లా తాళ్లు దించే ఈ పద్ధతికి వాళ్ల భాషలో ‘ఆపిల్ వేలాడదీత’ అని పేరు. కాపు బరువుకు ఆపిల్ కొమ్మలు విరగకుండా కట్టే తాళ్ల నుంచి వచ్చిన పేరు. పొదలకైతే వేరు, కొమ్మలను దగ్గరకు లాగి మూట కట్టినట్టు కడతారు.

గోదావరి గట్టు
నవంబరు 2

హేమంతం గారూ, ఆ తాడు దేనితో చేసిందో గమనించారా?

హేమంతం
నవంబరు 2

వరిగడ్డి అండీ. కొత్త తాడు లేత పసుపు రంగులో ఉంది. దగ్గరికి వెళ్తే కుప్ప నూర్చిన కళ్లం వాసన వచ్చింది.

గోదావరి గట్టు
నవంబరు 2

అదే అనుకున్నాను. మా కోనసీమలో దాన్ని వెంటి అంటాం. నా చిన్నప్పుడు కోతల తర్వాత మా తాతగారు అరుగు మీద కూర్చుని వెంటి పేనేవారు. గడ్డిని కాస్త తడిపి, రెండు పాయలు అరచేతుల మధ్య పెట్టి తోస్తుంటే తాడు ఆయన వెనక్కి పాములా పాకుతూ పోయేది. కొత్త గడ్డి ఒక పక్కన అందిస్తూ ఉండటం నా పని. ఆ తాడు చుట్టలతోనే వడ్లు పోసుకునే పురి కట్టేవారు. నేను ఉండేది నాగోయాలో. ఇన్నేళ్లలో కనజావా ఒక్కసారైనా వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లాలనిపిస్తోంది.

అక్షర
నవంబరు 3

పేరు గురించి ఎవరూ చెప్పలేదు, అందుకని నేను. కెన్‌రోకుఎన్ అంటే ‘ఆరింటినీ కలిపి ఉంచుకున్న తోట’. ఆ ఆరు లక్షణాలూ చైనాలోని లుయోయాంగ్ తోటల గురించి సోంగ్ వంశ కాలంలో లీ గెఫెయ్ రాసిన రచన నుంచి తీసుకున్నవి. విశాలత, ఏకాంతం; మనిషి పనితనం, ప్రాచీనత; నీరు, దూరపు చూపు. జంటలుగా చదివితేనే ఆ మాటకు అందం. విశాలంగా ఉన్న చోట ఏకాంతం దొరకదు. మనిషి చెయ్యి ఎక్కువ కనిపిస్తే పాతదనం పోతుంది. నీళ్లు సమృద్ధిగా ఉండేది పల్లంలో, దూరం కనిపించేది మిట్ట మీద. ఒకదానికొకటి పొసగని వాటిని ఒక్క చోట చేర్చామని ఆ పేరు పెట్టిన వారి ధీమా.

చివరి జంట చూడండి. తోట ఉన్నది కొండ మీద. మరి ఇన్ని చెరువులకూ కాలువలకూ నీళ్లెలా వచ్చాయి? 1631లో కనజావా కోట, ఊరు అగ్నిప్రమాదంలో తగలబడ్డాయి. మరుసటి ఏడాది, 1632లో, ఇతయా హెయిషిరో అనే ఆయన చేత తత్సుమి కాలువ తవ్వించారు. సాయి నది ఎగువన నీళ్లు మళ్లించి, కొంత దూరం కొండ లోపల సొరంగం తొలిచి, పది కిలోమీటర్లకు పైగా వాలు తప్పకుండా కోట దాకా తీసుకొచ్చారు. అప్పటికి తోట లేదు. 5వ ప్రభువు త్సునానొరి 1676లో కొండ వాలులో విడిది కట్టించి చుట్టూ తోట వేయించారు. తర్వాత వచ్చిన వారు ఒక్కొక్కరూ పెంచుకుంటూ పోయారు. నేడు మనం చూసే నీళ్లన్నీ ఆ పాత కాలువవే. 1861లో పెట్టిన ఫౌంటెన్‌కు యంత్రం లేదు, పైన ఉన్న కసుమిగా చెరువు మట్టానికీ దీనికీ ఉన్న తేడాతోనే నీరు ఎగురుతుంది. చెరువు నిండుగా ఉన్న రోజున ఇంకాస్త ఎత్తుకు.

ఇలాంటి తోటలను ఒక చోట కూర్చుని చూడలేం. ప్రదక్షిణలా నడవాలి. మలుపు తిరిగితే ముందున్నది దాక్కుంటుంది, కొత్తది బయటికొస్తుంది.

చిన్నక్క
నవంబరు 5

అందరికీ నమస్కారం. వచ్చే జులైలో అమ్మానాన్నలను తీసుకుని విశాఖపట్నం నుంచి జపాన్ వస్తున్నాను. నాన్నకు 68, అమ్మకు 64. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పిల్లల సెలవులను బట్టి జులై తప్ప వేరే నెల కుదరదు. పూలు లేవు, మంచు లేదు, ఎర్రాకులు లేవు. ఆ నెలలో కనజావా దాకా రావడం వృథా అంటారా?

నిషికసాయి
నవంబరు 5

జులైలో ఉక్కపోత విశాఖలాగే ఉంటుందండీ. పెద్దవాళ్లతో అంత దూరం వద్దనే నా సలహా. రికుగిఎన్ చూపించండి. అదీ 1702లో పూర్తయిన పాత తోటే, నగరం మధ్యలోనే ఉంది.

హేమంతం
నవంబరు 6

చిన్నక్క గారూ, తప్పకుండా రండి. కాకపోతే వేళ మార్చుకోండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు చివరి దాకా తెల్లవారుజామున నాలుగు గంటలకే రెండు గేట్లు తీస్తారు, ఆ వేళ టికెట్ లేదు. ఏడింటికి అసలు సమయం మొదలయ్యేలోగా బయటికి రావాలి, అంతే. ఆ తర్వాత వెళ్లినా పెద్దలకు టికెట్ 320 యెన్లు, 65 దాటినవారికి వయసు రుజువు చూపిస్తే ఉచితం. నాన్నగారి పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి. దారులు చాలావరకు కంకరతో ఉంటాయి, అమ్మగారికి మెత్తని బూట్లు ఉంటే మంచిది. గొడుగులు కూడా. ‘అన్నం డబ్బా మరిచిపోయినా గొడుగు మరిచిపోకు’ అని ఇక్కడి సామెత.

జులైలో చూడాల్సింది నాచు. అది వానాకాలం పంట.

హేమంతం
జనవరి 12

నిన్న రాత్రి పెద్ద ఉరుములు. ఇక్కడ చలికాలంలోనూ ఉరుముతుంది. డిసెంబరు ఉరుము వినగానే ‘బురి చేపలను లేపే ఉరుము’ అంటారు, ఆ చేపల వేటకు అదే గుర్తు. నిద్ర లేచి చూస్తే కిటికీ అంచున జానెడు మంచు.

ఆరింటికి గేటు దగ్గర ఉన్నాను. చలికాలంలో ఉచిత ప్రవేశం ఆరు నుంచి. ఇంకా చీకటిగానే ఉంది. కరసాకి పైన్ దగ్గర నిలబడ్డాను. తాళ్ల మీద చిటికెన వేలంత మందాన మంచు పేరుకుంది. వెలుగు పెరిగేకొద్దీ ఒక్కో తాడూ తెల్లని గీతలా బయటపడింది. నాకు ఎదురుగా ఉన్న కొమ్మ మీద మంచు పరుపులా ఉంది. కొమ్మ కాస్త దిగింది, తాడు బిగుసుకుంది, అక్కడితో ఆగింది. ఆ పెద్దాయన మూడుసార్లు విప్పి కట్టింది ఈ వైపు కొమ్మలకే. ఏ ముడి ఆయనదో గుర్తుపట్టలేకపోయాను. ఏదైనా నాకు ఒకటే అనిపించింది.

అప్పుడప్పుడు ఒక తాడు మీది మంచు మొత్తం ఒక్కసారిగా జారి చెరువులో పడుతుంది. ఆ చప్పుడు తప్ప తోటలో మరో చప్పుడు లేదు. దీపస్తంభం ఒక కాలు నీళ్లలో, ఒక కాలు ఒడ్డు మీది రాతిపై పెట్టి, నెత్తిన తెల్లని టోపీతో నిలబడి ఉంది. కోతో వాద్యం తీగల కింద పెట్టే మెట్టు ఆకారమని దానికి కోతోజి అని పేరు. చుట్టూ ఎవరూ లేరు. నిషికసాయి గారూ, మీరు అరగంట వరుసలో నిలబడింది ఇక్కడే.

నిషికసాయి
జనవరి 12

చదివాను. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తాను. ఈసారి తెల్లవారుజామున.

గోదావరి గట్టు
మార్చి 18

వెళ్లొచ్చాను. మార్చి 15 నుంచి తాళ్లు విప్పడం మొదలుపెడతారని తెలిసి ఆ వారమే వెళ్లాను. కట్టేటప్పుడు కింద నుంచి పైకి చూడాలి, విప్పేటప్పుడు చూపు నేల మీదే ఉంటుంది, తాళ్లన్నీ కుప్పలుగా పడుతుంటాయి. ప్లమ్ తోపులో కొన్ని చెట్లు ఇంకా పూలతో ఉన్నాయి. దాదాపు 200 చెట్లు, తెలుపు, గులాబి, ముదురు ఎరుపు. వాసన మా వైపు రేగుపూతను గుర్తుచేసింది.

ఒక తోటమాలిని సైగలతో అడిగి, విప్పిన తాడు ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను. నాలుగున్నర నెలల వానకూ మంచుకూ బూడిద రంగుకు తిరిగింది. ముడి ఉన్న చోట మాత్రం లోపల ఇంకా పసుపుగానే ఉంది. ఫొటో తీసి నాన్నకు పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశారు. ‘చలికాలం దాటించి పనైపోయాక మట్టిలో కలిసేదాన్నే వాడుతున్నారు, చూశావా’ అన్నారు. తర్వాత, ఏ రోజు కట్టాలో ఎవరు చెబుతారని అడిగారు. తేదీ స్థిరంగా ఉంటుందన్నాను. జపాన్‌వాళ్లూ ఏడాదిని 24 భాగాలు చేసి, ఒక్కోదాన్ని మళ్లీ మూడు చేసి, 72 చిన్న కాలాలుగా లెక్కపెట్టుకునేవారని అక్షర గారు నాకు విడిగా రాశారు. అది కూడా చెప్పాను. ‘అయితే మన కార్తెల్లాంటివే’ అన్నారు. మృగశిర కార్తెకు విత్తనాలు సిద్ధం చేసుకునే మనిషికి అంతకన్నా వివరించాల్సింది లేకపోయింది.

తోటపని
మార్చి 19

మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఒక మాట: తాళ్లు చూసి వచ్చేసేవారు ‘నెఅగారి’ పైన్‌ను వదిలేస్తారు. వేళ్లు నేలకు రెండు మీటర్ల ఎత్తున, 40కి పైగా, బయటికి కనిపిస్తుంటాయి. మట్టి దిబ్బ వేసి, దాని మీద మొక్క నాటి, వేళ్లు దిగాక మట్టిని తొలగిస్తూ వచ్చారని చెబుతారు. నాటిన మనిషి ఆ చెట్టును మనం చూస్తున్న రూపంలో చూసి ఉండడు.

నిషికసాయి
ఏప్రిల్ 9

మాట ప్రకారం వెళ్లాను. స్టేషన్ పక్కన గది తీసుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకు నడక మొదలుపెట్టి, ఐదుకు లోపల ఉన్నాను. గేటు దగ్గర కుక్కను పట్టుకుని ఒక పెద్దావిడ, వ్యాయామం చేసే నలుగురైదుగురు. ఊరివాళ్లకు ఇది రోజూ నడిచే చోటు అని అప్పుడు తెలిసింది. 1874లోనే దీన్ని ప్రజలందరికీ తెరిచారు కదా, ఐదారు తరాలుగా ఇలా నడుస్తూ ఉంటారు.

హనమి వంతెన మీద నిలబడితే వంకలు తిరిగే కాలువకు రెండు వైపులా చెర్రీలు. గాలి లేదు. అయినా రేకులు ఒకటీ అరా రాలుతున్నాయి. ఒక రేకును కంటితో పట్టుకుని దాని వెంట నడిచాను. అడుగున గులకరాళ్లు కనిపించేంత లోతు తక్కువ నీళ్లు, అయినా పారుతూనే ఉన్నాయి. రేకు ఒక రాయికి తగిలి ఆగింది, తిరిగింది, మళ్లీ కదిలింది. ఎగిరే అడవి బాతుల బారులా పదకొండు రాతి పలకలు పరిచిన వంతెన ఒకటి ఉంది, అడవి బాతుల బారు వంతెన అనే అంటారు. రాళ్లు అరిగిపోతాయని ఇప్పుడు దాని మీద నడవనివ్వరు. నా రేకు మాత్రం దాని కింద నుంచి వెళ్లిపోయింది.

మొదటిసారి వచ్చినప్పుడు నేను తోటను చూడలేదు, జనాన్ని చూశాను. తాళ్ల గురించి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అక్షర
ఏప్రిల్ 10

ఇప్పుడే ముగిసిందనుకోకండి. నెలాఖరు నుంచి మే దాకా కికుజకురా అనే రకం చెర్రీ పూస్తుంది. ఒక్కో పువ్వుకు 300కు పైగా రేకులు. మొగ్గలో ముదురు ఎరుపు, రాలే నాటికి దాదాపు తెలుపు. రేకు రేకుగా కాకుండా తొడిమతో సహా రాలుతుంది. ఆ తర్వాత మే మధ్యలో మీరు నిలబడ్డ వంతెన కిందే ఊదా రంగు ఐరిస్‌లు.

చిన్నక్క
జులై 14

నిన్న వెళ్లొచ్చాం. వివరంగా రాస్తాను, ఈ చర్చ వల్లే వెళ్లగలిగాం.

తెల్లవారుజామున ఐదింటికి ట్యాక్సీ దిగాం. రాత్రి వాన పడి వెలిసింది. గొడుగులు ఉన్నాయి, హేమంతం గారికి కృతజ్ఞతలు. నాన్న నీళ్ల వెంట పడ్డారు. అక్షర గారు రాసిన కాలువ కథ విమానంలో చదివి వినిపించాను. కాలువ ఒడ్డున వంగి, చెయ్యి నీళ్లలో పెట్టి, ‘పంపు లేదా? నిజంగానా?’ అని రెండుసార్లు అడిగారు. ఆయన జీవితమంతా నీటిపారుదల శాఖలో పనిచేశారు. ఫౌంటెన్ దగ్గర నిలబడి, పైన ఉన్న చెరువు ఎంత ఎత్తులో ఉండాలో అంచనా కట్టి, వెనక్కి నడిచి వెళ్లి చూసుకుని తృప్తిపడ్డారు.

అమ్మ ఎక్కువ దూరం నడవలేదు. చెట్ల నీడలో రాతి బల్ల మీద కూర్చోబెట్టాం. ఎదురుగా నేలంతా నాచు. నేను ఒకటే పచ్చ అనుకున్నాను. కాసేపు చూశాక లేత పచ్చ, ముదురు పచ్చ, పసుపు కలిసినది, నక్షత్రాల్లా విచ్చుకున్నది విడివిడిగా తెలిశాయి. ఉచిత వేళ అయిపోగానే బయటికి వచ్చి, మళ్లీ టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాం, అమ్మ అక్కడికే వెళ్దామంది. అప్పటికి పనివాళ్లు వచ్చారు. ముఖం చుట్టూ గుడ్డ కట్టుకున్న ఒకావిడ నాచు మీద వంగి కూర్చుని గడ్డి మొలకలను ఒక్కొక్కటే పీకుతోంది. నాచు లేచిపోకుండా ఎడమ చేతి రెండు వేళ్లతో అదిమిపట్టి, కుడి చేత్తో వేరుతో సహా లాగుతోంది. అమ్మ చాలాసేపు చూసి, తన రెండు వేళ్లను అలాగే నేలకు ఆన్చి చూపించింది. మా పెరట్లో కొత్తిమీర మడిలో అమ్మ కలుపు తీసేది అచ్చం అలాగే. ఆవిడ నవ్వి తల ఊపింది. పక్కన ఉన్న బుట్టలో గడ్డి అడుగున అంగుళమైనా లేదు. అప్పటికే ఆవిడ ఎంతసేపటి నుంచి పనిలో ఉందో.

ఒక సందేహం. తోటలో ఒక పెద్ద కంచు విగ్రహం ఉంది. దాని మీద ఒక్క పిట్ట కూడా లేదని నాన్న గమనించారు.

హేమంతం
జులై 14

నాన్నగారి చూపు గొప్పది! అది జపాన్ పురాణగాథల వీరుడు యమతో తకెరు విగ్రహం, 1880లో నిలబెట్టారు. నేను చేసేది లోహాల మీద పరిశోధన కాబట్టి ఈ సంగతి నాకు ఇష్టం. కనజావా విశ్వవిద్యాలయానికి చెందిన హిరోసె యుకియో దాని కంచును పరీక్షించారు. అందులో ఆర్సెనిక్ ఎక్కువగా ఉందని, పావురాలు వాలకపోవడానికి కారణం అదే కావచ్చని తేల్చారు. ఆ పనికి 2003లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది.

అమ్మగారి రెండు వేళ్ల గురించి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

చిన్నక్క
జులై 15

నాన్నకు చెప్పాను, పొంగిపోయారు. ఇంకొక సంగతి. విశాఖ చేరకముందే ఇద్దరూ నవంబరులో మళ్లీ వద్దామంటున్నారు. తాళ్లు కట్టే రోజున. పిల్లలను మా ఆయన చూసుకుంటానన్నారు. ఎన్నింటికి రావాలి?

హేమంతం
జులై 15

అప్పటికి గేటు ఎనిమిదికి తెరుస్తారు. తెరవగానే కత్సురజాకా వైపు నుంచి లోపలికి వచ్చి, కసుమిగా చెరువు ఒడ్డుకు రండి. అమ్మగారి కోసం మడత కుర్చీ తెస్తాను.

గోదావరి గట్టు
జులై 15

నాన్నను కూడా పిలుస్తున్నాను. కుర్చీలు రెండు తెండి.